ఆదరణ నుంచి విముఖతకు: 'చింతామణి' నాటకం – ప్రేక్షకుని నైతిక నిర్ణయం
(గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన)

ప్రస్తావన

నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో భరతుడు తొలి ప్రదర్శన కథ చెప్పాడు. ఇంద్రధ్వజ మహోత్సవంలో దేవతలు దైత్యులను జయించిన వృత్తాంతాన్ని ఆడారు. దేవతలు సంతోషించి నటులకు కానుకలిచ్చారు. తమ పరాజయాన్ని రంగం మీద చూసిన దైత్యులు మాత్రం ఈ నాట్యం మాకు సమ్మతం కాదని లేచారు. విరూపాక్షుడు ముందుండగా విఘ్నులతో కలిసి నటుల మాటను, కదలికను, జ్ఞాపకాన్ని స్తంభింపజేశారు. బ్రహ్మ నాట్యగృహం కట్టించి నటులకు రక్షణ ఏర్పరచాడు. అంతటితో ఊరుకోక దైత్యులను పిలిచి సామంగా మాట్లాడాడు. నాట్యం మిమ్మల్ని గాని, దేవతలను గాని మాత్రమే ఉద్దేశించినది కాదనీ, మూడు లోకాల భావాలకు అనుకీర్తనమనీ వివరించాడు.

అదే గ్రంథం చివరి అధ్యాయంలో పరిస్థితి తారుమారవుతుంది. నాట్యవిద్య వచ్చిన గర్వంతో భరతపుత్రులు ఋషులను పరిహసిస్తూ గ్రామ్యమైన ప్రహసనాలు ఆడారు. ఋషులు శపించారు. మొదటి కథలో నొచ్చుకున్న ప్రేక్షకునికి సమాధానం దొరికింది. చివరి కథలో ప్రేక్షకుని కోపానికి నటుడే కారణమయ్యాడు. ప్రదర్శనపై నైతికమైన అభ్యంతరం మన నాటక సంప్రదాయమంత పాతదని ఈ రెండు కథలూ చెబుతున్నాయి.

తాను ఇష్టపడిన ప్రదర్శన తన ధర్మబుద్ధికి విరుద్ధమని తోచినప్పుడు సహృదయుడు ఏం చేయాలి? లేచి వెళ్లాలా, అక్కడే ఉండి అభ్యంతరం చెప్పాలా, ఆ ప్రదర్శన ఎవరూ చూడకుండా ఆపించాలా? తెలుగు నాటకరంగంలో ఈ మూడు దారులనూ చూసిన నాటకం కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'. దీనికి దీర్ఘకాలం ఆదరణ ఇచ్చిన గుంటూరు, ప్రకాశం ప్రాంతాలను ఆధారంగా తీసుకుని, ఆ ఆదరణ ఎలా ఏర్పడింది, ఎందుకు సన్నగిల్లింది, దాని ఫలితం ఎవరి మీద పడింది అన్న విషయాలను పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

చూడమన్న ప్రతిజ్ఞ

'చింతామణి' పుట్టుకకు వెనుక ఒక విముఖత ఉద్యమం ఉంది. పందొమ్మిదో శతాబ్దిలో కోస్తాంధ్ర సంపన్న గృహాల పెళ్లిళ్లలో, ఉత్సవాలలో మేజువాణి తప్పనిసరి మర్యాద. కందుకూరి వీరేశలింగం (1848–1919) రాజమండ్రి నుంచి తన 'వివేకవర్ధని'లో ఈ ఆచారాన్ని తీవ్రంగా ఖండించారు. మచిలీపట్నంలో రఘుపతి వేంకటరత్నం నాయుడు 1891లో సాంఘిక పవిత్రతా సంఘాన్ని స్థాపించారు. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికి, గవర్నరుకు ఒక విజ్ఞాపన పంపారు. మేజువాణి ఉండే విందులకు మీరు హాజరు కావద్దన్నది అందులోని ముఖ్యమైన కోరిక. ఇద్దరూ దాన్ని మన్నించలేదు.

ఈ విజ్ఞాపన స్వభావాన్ని గుర్తించాలి. ఉద్యమం తొలిదశలో సంస్కర్తలు ప్రధానంగా ప్రేక్షకుడిని ఉద్దేశించి మాట్లాడారు. నీవు చూడకు, నీ ఇంట పెట్టించకు, పెట్టించిన చోటికి పోకు అన్నారు. ఆనాటి రసికులలో చాలామందికి ఇది తేలికైన త్యాగం కాదు. మేళంలో వినిపించే జావళీ, పదం వారికి చిన్ననాటి నుంచి తెలిసిన సంగీతం. ఇష్టమైన దాన్ని ఇష్టం చావకముందే వదులుకోవటంలోనే ఆ ప్రతిజ్ఞకు నైతికమైన బరువు వచ్చింది.

అయితే ఈ విముఖతలో ఒక లోపం ఉంది. దాన్ని అప్పుడే పట్టుకున్నవాడు గురజాడ. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో సౌజన్యారావు పంతులు 'యాంటీనాచి'. 1909 నాటి రెండో కూర్పులో మధురవాణి పురుషవేషంలో ఆయన ఇంటికే వెళ్తుంది. లుబ్ధావధానులను కేసు నుంచి బయటపడేసే ఆధారం ఆమె చేతిలో ఉంది. వేశ్యను చూడనని నియమం పెట్టుకున్న మనిషి ఆమె సహాయం లేకుండా న్యాయం చేయలేని స్థితికి వచ్చాడు. ప్రేక్షకుడు చూపు తిప్పుకున్నంత మాత్రాన ఎదుటి మనిషి లేకుండా పోదని ఆ రంగం సూచిస్తుంది. ఆమె బతుకేమిటన్న ప్రశ్నకు ప్రతిజ్ఞలో చోటు లేదు.

చట్టం వచ్చినప్పుడు ఈ లోపం మరింత స్పష్టమైంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం బాలికలను దేవాలయాలకు అంకితం చేయటాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్రలో వచ్చిన సవరణ కళావంతుల స్త్రీలు పెళ్లిళ్లలో, ఇతర వేడుకలలో ఆడటాన్ని కూడా నేరం చేసింది. ప్రేక్షకుని స్వీయ నియమంగా మొదలైన ఉద్యమం అరవై ఏళ్లు గడిచేసరికి ఆడే మనిషి మీద శిక్షగా మారింది.

సంస్కరణ నాటకంగా 'చింతామణి'

కాళ్లకూరి నారాయణరావు (1871–1927) ఈ సంస్కరణ వాతావరణంలోని రచయిత. వరకట్నం మీద 'వరవిక్రయం', మద్యపానం మీద 'మధుసేవ', వేశ్యాలోలత్వం మీద 'చింతామణి' రాశాడు. మూడూ ఒక సంకల్పం నుంచి వచ్చిన నాటకాలు. 'చింతామణి'కి మూలం లీలాశుకుని గాథ. వేశ్యను చేరుకోవాలన్న ఆతురతలో శవాన్ని దుంగ అనుకుని ఏరు దాటిన బిల్వమంగళుడు, ఆమె మందలింపుతో కళ్లు తెరిచి 'శ్రీకృష్ణకర్ణామృత' కర్త అయ్యాడని ఐతిహ్యం. ఆ కావ్యం తొలి శ్లోకంలో గురువు సోమగిరితో పాటు చింతామణి పేరు కూడా జయఘోషలో కనిపిస్తుంది. వేశ్య పేరును గురువు పేరు పక్కన నిలిపిన ఈ సంప్రదాయాన్ని కాళ్లకూరి వదులుకోలేదు. ఆయన చింతామణి కృష్ణభక్తురాలు. తల్లి శ్రీహరి ధనాశకు, తన మనసుకు మధ్య నలిగి చివరకు విరక్తి పొందుతుంది.

ఆమె ఇంటికి వచ్చే విటులను రచయిత వేర్వేరు వర్గాల నుంచి తీసుకున్నాడు. పండితుడు బిల్వమంగళుడు, అతన్ని ఆ దారి పట్టించిన భవానీశంకరుడు, వర్తకుడు సుబ్బిశెట్టి – ముగ్గురూ నష్టపోయినవారే. మోహానికి కులం, చదువు, లౌక్యం అడ్డుపడవని చెప్పటం ఈ కూర్పు లక్ష్యం. కాని ముగ్గురికీ ఒకే గౌరవం దక్కలేదు. బిల్వమంగళుని పతనం కరుణకూ శాంతానికీ దారితీస్తుంది. సుబ్బిశెట్టి పతనం హాస్యం దగ్గరే ఆగిపోతుంది. పండితుడు పడితే విషాదం, వర్తకుడు పడితే నవ్వులాట. నూరేళ్ల తరువాత వచ్చిన వివాదానికి బీజం కొంత రచనలోనే ఉందని అంగీకరించటం నిష్పాక్షికమైన విమర్శకు అవసరం.

ఆదరణ: 'వన్స్ మోర్' సంస్కృతి

గుంటూరు సీమ పద్యనాటకానికి పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నటుడిగా ఆంధ్రదేశమంతటా స్త్రీపాత్రలకు పేరుపొందాడు. సత్యభామ, మధురవాణి, దేవదేవి, రోషనారలతో పాటు చింతామణి కూడా ఆయన పాత్రే. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. గుంటూరు దగ్గరి సుద్దపల్లికి చెందిన కల్యాణం రఘురామయ్య ఈలపాటతో ప్రసిద్ధుడయ్యాడు. అదే 1956లో భానుమతి చింతామణిగా, ఎన్.టి. రామారావు బిల్వమంగళునిగా నాటకం చలనచిత్రంగానూ వచ్చింది.

ఈ ఆదరణ ఎలా పనిచేసిందో తెలియాలంటే ప్రదర్శన పరిస్థితులను గమనించాలి. ప్రత్తి, మిరప కళ్లాలకు చేరి నాలుగు డబ్బులు చేతికొచ్చే రోజులకూ, శివరాత్రి మొదలు వేసవి దాకా సాగే తిరునాళ్లకూ ఈ ప్రాంతంలో సంబంధం ఉంది. కోటప్పకొండ తిరునాళ్ల ప్రభల ముందు గాని, ఊరి రచ్చబండ దగ్గర గాని తెల్లవార్లూ నాటకం ఆడించటం ఊరి ప్రతిష్ఠకు గుర్తు. ప్రేక్షకులలో చాలామందికి పద్యాలు కంఠస్థం. నచ్చిన పద్యానికి 'వన్స్ మోర్' అంటారు. నటుడు మళ్లీ అందుకుని రాగం పొడిగిస్తాడు. హార్మోనియం అతన్ని వెంబడిస్తుంది. చదివింపులు చదువుతారు. ఇక్కడ అభిమాని ఊరక చూసేవాడు కాదు. ప్రదర్శన ఏ చోట నిలవాలో, ఏ చోట సాగాలో నిర్ణయించే భాగస్వామి.

నాటకం తరువాతి గతికి ఈ అలవాటులోనే వివరణ దొరుకుతుంది. రాగాన్ని పొడిగించిన 'వన్స్ మోరే' ద్వంద్వార్థాన్నీ పొడిగించింది. సుబ్బిశెట్టి రంగానికి ఈలలు ఎక్కువ పడితే ఆ రంగం పెరిగింది. బిల్వమంగళుని పశ్చాత్తాపం దగ్గర జనం పలచబడితే ఆ ఘట్టం కుంచించుకుపోయింది. కాంట్రాక్టరు అడిగేది జనం ఉండే రంగాన్నే. అచ్చులో లేని మాటలు వేదిక మీద చేరాయి. కొన్నిచోట్ల నాటకంలోని ఆ కొద్ది రంగాలే విడిగా ప్రదర్శనలయ్యాయి. వేశ్యాలోలత్వాన్ని మాన్పించటానికి రాసిన నాటకం చివరకు ఆ లోలత్వాన్నే వినోదంగా అమ్ముకునే స్థితికి చేరింది. అనౌచిత్యాన్ని మించిన రసభంగ కారణం లేదన్న ఆనందవర్ధనుని సిద్ధాంతానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

నిశ్శబ్ద నిష్క్రమణ

'చింతామణి' ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే నాటకం కాదన్న పేరు క్రమంగా స్థిరపడింది. స్త్రీలు రావటం తగ్గింది. పద్యం కోసం వచ్చే పెద్దలు ముఖం తిప్పుకున్నారు. ఈ నిష్క్రమణకు సభలు లేవు, తీర్మానాలు లేవు. చాప చుట్టుకుని ఇంటికి పోవటమే నిరసన.

వ్యక్తి ధర్మం దృష్ట్యా ఇది తప్పుపట్టలేని నిర్ణయం. తన మనసు అంగీకరించని దానికి తన ఉనికిని అరువివ్వకపోవటం ఎవరికైనా ఉన్న హక్కు. ఫలితం దృష్ట్యా మాత్రం దీన్ని వేరుగా చూడాలి. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన గ్రంథంలో, ఒక సంస్థ నాణ్యత పడిపోయినప్పుడు దానితో సంబంధం ఉన్నవారి ముందు నిష్క్రమణ, అభ్యంతర ప్రకటన అనే రెండు మార్గాలు ఉంటాయన్నాడు. నాణ్యత మీద అందరికన్న శ్రద్ధ ఉన్నవారే ముందుగా వెళ్లిపోతే, సరిదిద్దగలిగిన గొంతు లోపల మిగలదనీ, పతనం మరింత వేగవంతమవుతుందనీ హెచ్చరించాడు. పద్యనాటకానికి ఈ సూత్రం చక్కగా అన్వయిస్తుంది. 'ఆ మాట వద్దు, పద్యం అందుకో' అని కేక వేయగలిగిన ప్రేక్షకుడు లేచిపోయాక, ఈల వేసేవాడి అభిరుచే నాటకానికి ఏకైక శాసనమైంది.

ఈ మార్పు భారం అందరిమీదా సమానంగా పడలేదు. స్థానం వారి కాలంలో చింతామణి పాత్రధారి పురుషుడు. చీర కట్టుకున్న పురుషుని మీద విసిరిన చమత్కారం వేషం మీద తగిలి జారిపోయేది. క్రమంగా ఆ పాత్ర నటీమణులకు వచ్చింది. సంభాషణ పలచబడిన కాలమూ దాదాపు అదే. ఇప్పుడు ఆ మాటలు తగిలేది కూలికి వచ్చిన ఒక స్త్రీకి. వెళ్లిపోయే స్వేచ్ఛ ప్రేక్షకునికి ఉంది. తెల్లవారితే కిరాయి చేతికందాల్సిన నటికి లేదు. మేజువాణి విషయంలో మధురవాణి లేవనెత్తిన ప్రశ్నే ఇక్కడ మళ్లీ ఎదురవుతున్నది.

సుబ్బిశెట్టి వేదన – 2022 నిషేధం

ప్రేక్షకులలో ఒక వర్గానికి అభ్యంతరం అశ్లీలంతో ఆగలేదు. సుబ్బిశెట్టి పాత్ర ద్వారా తమ కులాన్ని అవహేళన చేస్తున్నారనీ, ఆ పేరు తమను గేలి చేయటానికి వాడుకైపోయిందనీ ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలం ఆవేదన వ్యక్తం చేశాయి. పండితులు తరచు దీన్ని అసహనంగా కొట్టిపారేస్తారు. కాని ఒక మనిషి నాటకం చూసి నవ్వుకోవటం వేరు, పదిమందిలో తననే చూపి అందరూ నవ్వుతుంటే కూర్చోవటం వేరు. ఇంద్రధ్వజ ఉత్సవంలో దైత్యుల స్థితి ఇదే. రచనలోనే విషాదం పండితునికి, హాస్యం వర్తకునికి పంచిపెట్టినట్లు పైన గుర్తించాం. ప్రదర్శన ఆ వ్యత్యాసాన్ని వందరెట్లు చేసింది. కాబట్టి ఈ వేదన నిరాధారం కాదు.

2022 జనవరి 17న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' ప్రదర్శనను రాష్ట్రమంతటా నిషేధించింది. పద్యనాటక కళాకారులు నిరసన తెలిపారు. ఉత్తర్వును హైకోర్టులో సవాలు చేశారు. భావప్రకటన స్వేచ్ఛ, మనోభావాల రక్షణ అనే రెండు మాటల చుట్టూ చర్చ సాగింది. ఈ వ్యాసం దృష్టిలో అంతకన్న ముందు అడగవలసిన ప్రశ్న వేరు. నిషేధించింది దేన్ని? కాళ్లకూరి రచననా, తరువాత చేరిన మాటలనా? ఈ రెంటినీ విడదీసే పని ఎన్నో దశాబ్దాలుగా ప్రేక్షకుడు చేయలేదు, పరిష్కర్త చేయలేదు, విశ్వవిద్యాలయమూ చేయలేదు. ఎవరూ చేయని పనిని ప్రభుత్వం ఒక్క సంతకంతో, విచక్షణ లేకుండా ముగించింది.

ఇక్కడ గ్రహించవలసిన సూక్ష్మం ఒకటుంది. చూడననే వ్యక్తికి ఆ నిర్ణయం ఒక శీలపరీక్ష. నిషేధం తరువాత ఆ పరీక్షకే అవకాశం లేదు. అశ్లీలాన్ని ఇష్టపడినవాడూ, అసహ్యించుకున్నవాడూ ఇప్పుడు ఒకే విధంగా చూడటం లేదు. సంస్కర్తలు 1893లో కోరిన మార్పు మనసుకు సంబంధించినది. దానికి ఉత్తర్వు ప్రత్యామ్నాయం కాలేదు.

విడవటంలో మరో దారి

అభిమానాన్ని చంపుకోకుండా అన్యాయాన్ని తిరస్కరించే దారి ఈ నేలకు తెలియనిది కాదు. రామకథను నరనరానా ఎరిగిన తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబూకవధ' నాటకం రాశాడు. కథను విడిచిపోక, కథలో నోరులేని పాత్ర పక్కన నిలబడ్డాడు. వినుకొండకు చెందిన గుఱ్ఱం జాషువ కాళిదాసు 'మేఘసందేశం' ఎరిగిన కవి. యక్షుని విరహాన్ని మోసిన సందేశకావ్య రూపాన్ని తీసుకుని, 1941లో 'గబ్బిలం' ద్వారా అస్పృశ్యుని ఆకలిని శివునికి విన్నవించాడు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందన్న ఒక్క ఊహతో ఆ రూపం నైతిక దిశే మారిపోయింది. ఇద్దరూ తమకు తెలిసిన సంప్రదాయంతో తెగతెంపులు చేసుకోలేదు. దానితో తగవు పెట్టుకున్నారు.

నిషేధం విషయంలో ఒంగోలు ప్రాంతం నుంచి మరొక జ్ఞాపకం ఉంది. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను అసభ్యమని వీరేశలింగం నిరసించారు. బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారిచేత ప్రచురింపజేసింది. పురుషులు రాసిన శృంగారానికి లేని అభ్యంతరం దీనికేల అని ఆమె నిలదీసింది. బ్రిటిషు ప్రభుత్వం ఆ ప్రతిని నిషేధించింది. నిషేధం తొలగింది టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో (1946–47). ప్రకాశం బాల్యంలో ఒంగోలులో ఇమ్మానేని హనుమంతరావు నాయుడి శిక్షణలో వేషాలు వేసినవాడు. ముఖానికి రంగు పూసుకున్న అనుభవమే ఆ నిర్ణయానికి కారణమని చెప్పలేం. అయినా రంగస్థలాన్ని లోపలి నుంచి ఎరిగిన ఒక పాలకుని హయాంలో ఆ కావ్యం పాఠకుని తీర్పుకు తిరిగి వచ్చిందన్నది గమనింపదగిన విషయం. ఒక కాలం నీతి పేర మూసిన పుస్తకాన్ని మరొక కాలం నీతి పేరనే తెరిచింది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, మేజువాణి నుంచి 'చింతామణి' దాకా తెలుగు ప్రేక్షకుని నైతిక విముఖత నిజాయితీ గలదే అయినా, రంగం మీద ఉన్న మనిషి జీవనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రెండవది, మాట్లాడకుండా వెళ్లిపోయిన సహృదయుడు తన శీలాన్ని కాపాడుకున్నాడు గాని నాటకాన్ని కాపాడలేకపోయాడు. 'వన్స్ మోర్' అనే హక్కున్నవానికి 'ఇక చాలు' అనే బాధ్యత కూడా ఉంది. మూడవది, ఆ బాధ్యత నెరవేరని చోటికే నిషేధం వచ్చి చేరింది.

కాళ్లకూరి మూలపాఠానికి, ప్రదర్శనలో చేరిన భాగాలను వేరుచేసి చూపే పరిష్కృత ప్రతి ఇప్పటి తక్షణావసరం. సుబ్బిశెట్టిని కులచిహ్నాలు లేకుండా, బిల్వమంగళునికి దక్కిన కరుణతోనే చూపగలమా అన్న ప్రశ్నను నటులు, వైశ్య సంఘాల ప్రతినిధులు, పరిశోధకులు ఒకచోట కూర్చుని పరిశీలించాలి. బ్రహ్మ దైత్యులతో మాట్లాడిన తరువాతనే నాట్యం కొనసాగిందని భరతుడు రాశాడు. ఆ సంభాషణ ఇక్కడ ఇంకా మొదలు కాలేదు.